ఇంకొక్క ముద్ద అనే ముందు



ఈసారి పిల్లల బరువు గురించి మాట్లాడుకుందాం. "మా వాడు బాగానే ఉన్నాడమ్మా, కాస్త బొద్దుగా ఉంటే తప్పేంటి?" అని పేజీ దాటేయకండి. బరువు ఎక్కువైన పిల్లల ఇళ్ళలో ముందుగా వినపడేది ఆ మాటే. ఈ వ్యాసం సగం రాస్ అల్ ఖైమాలో పిల్లల్ని దగ్గర పెట్టుకుని పెంచుతున్నవాళ్ళకి. మిగతా సగం, పిల్లల్ని కోనసీమలోనో కడపలోనో పెద్దవాళ్ళ దగ్గర వదిలి ఇక్కడ పని చేసుకుంటున్న తల్లులకి, ఆ పిల్లలకి వేళకింత వండి పెడుతున్న అమ్మమ్మలకి, నానమ్మలకి.

బొద్దు అంటే ముద్దేనా?

మన ఇళ్ళలో బొద్దుగా ఉన్న బిడ్డంటే ముద్దు. అందులో ఆశ్చర్యం లేదు. మన అమ్మమ్మలు కరువు చూసినవాళ్ళు. తిండి చాలక ఒళ్ళు ఉబ్బిపోయిన పిల్లల్ని కళ్ళారా చూసినవాళ్ళు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఒకప్పుడు అలాంటి పిల్లల కోసం పని చేసింది. ఆ రోజుల్లో బిడ్డ ఒళ్ళు చేశాడంటే గండం గడిచినట్టు. ఆ భయం మన చేతుల్లో ఇంకా ఉంది. అందుకే పిల్ల కంచం ముందు నుంచి లేవబోతుంటే "ఇంకొక్క ముద్ద" అని మన చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్తుంది.

కానీ కాలం తిరగబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 5 నుంచి 19 ఏళ్ళ వయసు పిల్లల్లో 39 కోట్ల మందికి పైగా ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. వాళ్ళలో 16 కోట్ల మందిది స్థూలకాయం. 2025లో యూనిసెఫ్ ఇంకో మాట చెప్పింది. బడి వయసు పిల్లల్లో స్థూలకాయం ఉన్నవాళ్ళు (9.4 శాతం) మొట్టమొదటిసారి తక్కువ బరువున్నవాళ్ళను (9.2 శాతం) దాటిపోయారట. అంటే మన అమ్మమ్మలు భయపడిన జబ్బు కంటే, వాళ్ళు ముద్దు చేసిన బొద్దుతనమే ఇప్పుడు ఎక్కువమంది పిల్లల్ని పట్టుకుంది.

మన పిల్లల ఒంటి తీరు వేరు

"మా పాప సన్నగానే ఉందిగా" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాళ్ళు ఇది చదవాలి. పుణే దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ బృందం 1990లలో అప్పుడే పుట్టిన బిడ్డల్ని కొలిచి, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి చూసింది. మన బిడ్డలు సగటున 2.7 కిలోలు, వాళ్ళు 3.5 కిలోలు. కండ మన బిడ్డల్లో బాగా తక్కువ. కానీ చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పైకి బక్కపలచన, లోపల కొవ్వు. మనవాళ్ళకి చిన్న వయసులోనే షుగర్ రావడానికి ఇదొక కారణమని వైద్యులు అంటారు. అందుకే కంటిచూపుతో తేల్చకండి, కొలవండి.

ఇంట్లో చేసుకునే చిన్న లెక్క ఒకటి ఉంది. చిన్నప్పుడు మన మొలతాడు బిగుతైతే నానమ్మ ముడి విప్పి వదులు చేసేది గుర్తుందా? అలాంటి దారమే ఒకటి తీసుకోండి. బిడ్డని గోడకి ఆనించి నిలబెట్టి మడమ నుంచి నడినెత్తి దాకా కొలవండి. ఆ దారాన్ని సగానికి మడవండి. ఆ సగం పొడవు బిడ్డ నడుము చుట్టూ, బొడ్డుకి కాస్త పైన, హాయిగా అందాలి. అందకపోతే డాక్టరుని కలవాలని అర్థం. నడుము కొలత ఎత్తులో సగానికి లోపు ఉండాలనే ఈ సూత్రాన్ని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో సిఫారసు చేసింది. ఐదేళ్ళు దాటిన పిల్లలకి ఇది పనికొస్తుంది. బీఎంఐ కూడా చూడాలి. అయితే పెద్దవాళ్ళ లెక్క పిల్లలకి పనికిరాదు. వయసుని బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి వేరే పట్టిక ఉంటుంది. బడి క్లినిక్‌లో నర్సమ్మ ఎత్తూ బరువూ కొలిస్తే ఆ కాగితం అడిగి తీసుకోండి, డాక్టరుకి చూపించండి.

ఇంకో గుర్తు మెడ వెనక. మెడ మీద, చంకల్లో నల్లగా, కాస్త మందంగా, ముఖమల్ గుడ్డలా చర్మం మారితే మనవాళ్ళు "మట్టి పట్టింది" అని సున్నిపిండి పెట్టి రుద్దుతారు. పిల్లకి చర్మం మండుతుంది గానీ నలుపు పోదు. ఎందుకంటే అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయడం లేదని చర్మం ఇస్తున్న హెచ్చరిక కావచ్చు. రుద్దడం ఆపి రక్తపరీక్ష చేయించండి. రాత్రిళ్ళు గట్టిగా గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ళ నొప్పులు, ఇవి కూడా డాక్టరుకి చెప్పాల్సినవే.

ఇక్కడ మన పిల్లల రోజు

ఊళ్ళో మన చిన్నతనానికీ, ఇక్కడి పిల్లల చిన్నతనానికీ తేడా తిండిలోనే లేదు. ఒక్కసారి వాళ్ళ రోజు చూడండి. తెల్లారకముందే లేపుతాం. కళ్ళు నలుపుకుంటూనే బస్సెక్కుతారు. పొద్దున టిఫిన్ సగం మంది తినరు. బళ్ళో కూర్చుంటారు, బస్సులో కూర్చుంటారు, ఇంటికొచ్చి ట్యూషన్‌లో కూర్చుంటారు. ఆ తర్వాత ఫోను. మే నుంచి సెప్టెంబరు దాకా బయట నిప్పులు చెరుగుతుంటుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా పెద్దవాళ్ళ చేత కూడా ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టిన దేశం ఇది. అప్పుడు పిల్లల్ని ఎక్కడ ఆడిస్తాం?

దానికి తోడు కింద గ్రోసరీకి ఫోన్ కొడితే చిప్స్ ప్యాకెట్టు, చల్లటి డబ్బా తలుపు దగ్గరికే వస్తాయి. నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఆయనతో కలిసి తినాలని పిల్లలు మేలుకుంటారు. తిని వెంటనే పడుకుంటారు. సెలవు రోజొస్తే బిర్యానీయో, బ్రోస్టెడ్ చికెనో, షవర్మానో. ఇందులో ఏ ఒక్కటీ ఘోరమైన తప్పు కాదు. కానీ అన్నీ కలిసి రోజూ జరిగితే, పిల్లాడు ఎంత బుద్ధిమంతుడైనా బరువు పెరుగుతాడు. అందుకే ఇది పిల్లాడి తిండిపోతుతనం కాదు, ఇంటి ఏర్పాటు. మార్చాల్సింది పిల్లాణ్ణి కాదు, మన ఇంటి పద్ధతిని. అదొక్కటి ఒప్పుకుంటే సగం పని అయినట్టే.

ముందు తాగే చక్కెర తగ్గించండి

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, గ్లాసు దగ్గర. తిన్నది కడుపు నింపుతుంది. తీపి నీళ్ళు కడుపు నింపవు, బరువు మాత్రం పెంచుతాయి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. కలిపిన చక్కెర వల్ల వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం దాటకూడదనీ, 5 శాతానికి దించితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోజుకి 1,600 కెలోరీలు తినే పిల్లకి ఆ 5 శాతం అంటే 20 గ్రాములు, నాలుగైదు చిన్న చెంచాలు. ఒక్క డబ్బాతో ఆ హద్దు దాటేశాం.

ఈ దేశం ఆ సంగతి ముందే పట్టించుకుంది. 2017 అక్టోబరు నుంచి గ్యాస్ డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేసింది. 2019 డిసెంబరులో చక్కెర కలిపిన ఇతర పానీయాల మీదికి కూడా పన్ను తెచ్చింది. 2026 జనవరి నుంచి పానీయంలో చక్కెర ఎంత ఉందో దాన్ని బట్టి పన్ను. మనం దిర్హముల్లో కట్టే ఆ పన్ను ఒక హెచ్చరిక అనుకోండి.

గ్యాస్ డ్రింకు చెడ్డదని అందరికీ తెలుసు. మనల్ని మోసం చేసేవి 'మంచివి'లా కనపడేవి. పళ్ళ బొమ్మ ఉన్న జ్యూస్ డబ్బా, పాలల్లో కలిపే చాక్లెట్ పొడి, జ్వరమొస్తే తాగించే తీపి నీళ్ళు. ఇక్కడ మన హైదరాబాద్ డాక్టరమ్మ ఒకరిని తలుచుకోవాలి. పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్. మందుల షాపుల్లో 'ఓఆర్‌ఎస్' అని పేరు పెట్టి అమ్మే తీపి పానీయాలు అసలు ఓఆర్‌ఎస్ కావని ఆమె ఏళ్ళ తరబడి పోరాడారు. తెలంగాణ హైకోర్టుకి కూడా వెళ్ళారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజే ఉండాలి. ఆ డబ్బాల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. చివరికి 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ, ఆ సూత్రం ప్రకారం లేని పానీయాల పేరులో 'ఓఆర్‌ఎస్' అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లిలా పట్టుబట్టిన డాక్టరు వల్ల జరిగిన పని ఇది. అలాగే 2024 ఏప్రిల్‌లో, ఆన్‌లైన్ అమ్మకాల్లో పాలల్లో కలిపే ఇలాంటి పొడుల్ని 'హెల్త్ డ్రింక్' అనే వరసలో పెట్టొద్దని భారత ప్రభుత్వం చెప్పింది. ముందు వైపు బొమ్మ చూడకండి. వెనక్కి తిప్పి 100 గ్రాములకీ 100 మిల్లీలీటర్లకీ చక్కెర ఎంతో చూడండి. పదార్థాల పేర్లలో చక్కెర మొదటి రెండు మూడింట్లో ఉంటే అది మిఠాయే.

మరి ఏం తాగించాలి? నీళ్ళు. ఆ తర్వాత మజ్జిగ. ఇక్కడ ఏ షాపులోనైనా దొరికే సాదా లబాన్ మన మజ్జిగకి చుట్టమే. స్ట్రాబెర్రీ, మామిడి రుచులు కలిపింది కాదు, సాదాది. నీళ్ళు కలిపి, కరివేపాకు, అల్లం దంచి వేస్తే పిల్లలు వద్దనరు. పండు తినిపించండి, పిండి రసం తీయకండి. కరక్ టీ పిల్లలకి అలవాటు చేయకండి. ఇంకో సంగతి. 2025 మేలో సీబీఎస్ఈ తన బళ్ళన్నిటికీ 'షుగర్ బోర్డు'లు పెట్టమని చెప్పింది. ఏ చిరుతిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకి కనపడేలా రాసి పెట్టాలి. మీ పిల్లల బడిలో పెట్టారో లేదో తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. నలుగురు అడిగితే పెడతారు.

కంచం ముందు ఎవరి పని ఏది?

ఎలిన్ శాటర్ అని అమెరికాలో ఒక ఆహార నిపుణురాలు తల్లులకి ఒక చక్కటి సూత్రం చెప్పారు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి, ఇది పెద్దవాళ్ళ పని. తినాలా వద్దా, ఎంత తినాలి, ఇది పిల్లల పని. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. ఏం కావాలో పిల్లల్ని అడిగి నూడుల్స్ చేస్తాం. ఎంత తినాలో మాత్రం మనమే నిర్ణయించి, అమ్మ ముద్ద, నాన్న ముద్ద, తాతయ్య ముద్ద అని కూరుతాం. కడుపు నిండింది అని బిడ్డ ఒళ్ళు చెప్పే మాట పదేపదే కొట్టేస్తే, కొన్నాళ్ళకి ఆ మాట వినడం బిడ్డే మానేస్తుంది. పైగా చేతిలో ఫోను పెట్టి తినిపిస్తే నోట్లోకి ఏం వెళ్తోందో కూడా తెలియదు. ఫోను లేకుండా కింద కూర్చోబెట్టి, తక్కువ పెట్టి, అడిగితే మళ్ళీ పెట్టండి. చాలంటే చాలు. "పూర్తిగా తింటే చాక్లెట్ ఇస్తా" అన్న లంచం వద్దు.

జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కంచంలో దాదాపు సగం కూరలు, ఆకుకూరలు, పళ్ళు. మన కంచంలో ముప్పాతిక అన్నమే. తలకిందులు చేయనక్కర్లేదు. ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె కూర పెంచండి. పప్పు చిక్కగా చేయండి. గుడ్డు ఉడికించండి. రాస్ అల్ ఖైమాలో చేపలకి కొదవ లేదు. వేపుడు మాని పులుసు పెట్టండి. దిగ్దగ వైపు తోటల నుంచి వచ్చే కీర, టమాటా, వంకాయ చలికాలంలో చవగ్గా దొరుకుతాయి. కడపవాళ్ళకి రాగి సంగటి నేర్పక్కర్లేదు. డబ్బాలో బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు, వేరుశనగలు, అటుకులు, పండు పెట్టండి. ఖర్జూరం మంచిదే, ఒకటి రెండు చాలు.

ఆట, నిద్ర కూడా తిండిలాంటివే

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి కనీసం 60 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఒకేసారి గంట అక్కర్లేదు, మూడు ఇరవైలు అయినా సరే. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ స్వర్గం. అల్ ఖవాసిమ్ కార్నిష్ మీద నడవండి, సఖర్ పార్కుకి వెళ్ళండి, సముద్రం ఒడ్డున కబడ్డీ ఆడించండి. జెబెల్ జైస్ కొండకి వెళ్తే కారులోనే కూర్చుని సెల్ఫీ దిగి రాకుండా కాసేపు నడిపించండి. ఎండాకాలంలో ఇంట్లోనే తొక్కుడుబిళ్ళ, తాడాట, కోలాటం, పాట పెట్టి డాన్సు. మాల్‌కి వెళ్తే కొనే ముందు రెండు చుట్లు నడక. మీరూ ఆడండి. కుర్చీలో కూర్చుని "పోయి ఆడుకో" అంటే ఏ పిల్లా లేవదు.

నిద్ర సంగతి చాలామంది మర్చిపోతారు. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది. పొద్దున ఐదున్నరకి లేవాల్సిన పిల్ల రాత్రి ఎనిమిదిన్నరకి పడుకోవాలి. అందుకని పిల్లలకి ఏడింటికే అన్నం పెట్టేయండి. నాన్న వచ్చాక ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం సెలవు రోజుకి ఉంచండి.

దూరం నుంచి ప్రేమ పంపేవాళ్ళకి

ఇప్పుడు పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిన చెల్లెళ్ళతో ఒక మాట. మీరు ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి పిల్లలకి వండి పెడుతూ, మీ పిల్లాడి కోసం నెలనెలా దిర్హములు దాచి కార్గో డబ్బా నింపుతారు. చాక్లెట్లు, ఆరెంజి పొడి, పాలపొడి, బిస్కెట్లు. అది మిఠాయి కాదు, మీ బెంగ. అక్కడ అమ్మమ్మ ఏమనుకుంటుంది? తల్లి దగ్గర లేని పిల్ల కదా, కడుపు మాడిస్తే ఊరేమంటుందో అని రెండు గరిటెలు ఎక్కువే పెడుతుంది. ఇద్దరి బెంగా చేరి చివరికి ఆ పసి ఒంట్లో కొవ్వవుతుంది. ఎవర్నీ తప్పు పట్టలేం. కానీ మార్చుకోగలం.

ఈసారి డబ్బాలో చాక్లెట్లు సగం చేయండి. ఆ జాగాలో ఆట బూట్లు, షటిల్ బ్యాట్లు, తాడు, బంతి పెట్టండి. సైకిల్‌కి డబ్బు పంపండి. వీడియో కాల్‌లో "ఏం తిన్నావు కన్నా?" అనే మొదటి ప్రశ్న మార్చి "ఇవాళ ఏం ఆడావు? ఎవరితో ఆడావు?" అని అడగండి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు "ఇలా చిక్కిపోయావేంట్రా" అనీ, "ఇలా ఊరిపోయావేంటే" అనీ బిడ్డ మొహం మీదే అనకండి. అమ్మమ్మలూ, నానమ్మలూ, మీకు దణ్ణం పెట్టి చెప్తున్నాం. మీరు పిల్లలకి ఇచ్చే గొప్ప తిండి రోజూ వేళకి పెట్టే పప్పన్నమే. పాకెట్టు కొని ఇవ్వకపోతే ప్రేమ తగ్గినట్టు కాదు.

పేర్లు పెట్టకండి, మాడ్చకండి

బరువెక్కిన పిల్లని "బొండం", "గున్న ఏనుగు" అని నవ్వుతూ పిలిచినా అది లోపల ముల్లులా దిగుతుంది. సిగ్గుతో పిల్లలు చాటుగా తింటారు, ఆటకి పోవడం మానేస్తారు, బరువు ఇంకా పెరుగుతుంది. అక్కకి కేకు పెట్టి చెల్లికి కీరముక్క పెట్టకండి. ఇంట్లో అందరికీ ఒకటే వంట, ఒకటే రూలు, నాన్నతో సహా.

ఎదిగే పిల్లల్ని పస్తులుంచకూడదు. చాలామంది పిల్లలకి బరువు తగ్గించనే అక్కర్లేదు. బరువు పెరగకుండా నిలబెడితే ఎత్తు పెరిగే కొద్దీ ఒళ్ళు సర్దుకుంటుంది. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు చెప్పాలి. గ్రూపుల్లో తిరిగే బరువు తగ్గించే పొడులు, షేకులు, కషాయాలు పిల్లలకి ఇవ్వొద్దు. అమ్మేది మన ఊరి అక్కే అయినా సరే. ఆకస్మికంగా బరువు పెరిగినా, పెరగాల్సిన ఎత్తు పెరగకపోయినా, దాహం, మూత్రం ఎక్కువైనా ఆలస్యం చేయకండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, ఏదీ నిలవదు. ఈ వారం తీపి డబ్బాలు ఇంట్లోకి రానివ్వకండి, అంతే. వచ్చే వారం అన్నం టైము ముందుకు జరపండి. ఆ పై వారం సాయంత్రం అరగంట ఆట. ఇంకో సంగతి, ఇది మనందరం కలిసి చేయాల్సింది. వచ్చే పిక్నిక్‌లో, ఉగాది వేడుకలో గ్యాస్ డ్రింకుల కేసులకి బదులు మజ్జిగ బిందె పెడదాం. భోజనాలకి ముందు పిల్లలకి, తల్లులకి కలిపి ఖో ఖో పెడదాం. ఎవరు మజ్జిగ తెస్తారో, ఎవరు సున్నం గీత గీస్తారో ఇప్పుడే గ్రూపులో పేర్లు ఇవ్వండి.